తాతీలు, ఛుట్టీ, సెలవు

మెక్సికోలో భోజనాల బల్ల దగ్గర్నుంచి ముందుగా లేచేవాళ్లు "కోన్ పెర్మిసో" అంటారు. మాటకి మాట చెప్పుకుంటే "అనుమతితో" అని. నిజానికి అనుమతి కోసం ఎవరూ ఆగరు, వెళ్లొస్తానని చెప్పడమే అది. ఆఫీసులో ఒకపూట బయటికి వెళ్లాలన్నా అడిగేది పెర్మిసోనే. గ్వాదలహారాకి వచ్చిన కొత్తలో ఈ మాట ఎక్కడో విన్నట్టే ఉండేది. ఓ రోజు తట్టింది, మన "సెలవు" కూడా ఇంతే కదా అని. బడి లేని రోజు సెలవు. "ఇక సెలవు" అంటే వెళ్తున్నానని. "సెలవిప్పించండి" అంటే అనుమతి అడగడం. పెద్దవాళ్లు ఏదైనా అంటే "సెలవిచ్చారు" అంటాం, అందులో ఆజ్ఞ కూడా ఉంది. తమిళంలోనైతే ఇదే మాటకి ఖర్చు అని అర్థం.

అయితే మా ఇంట్లో సెలవు అన్న మాట వాడినవాళ్లలో నేనే మొదటివాణ్ని. తాత "తాతీలు" అనేవాడు. బాపు "ఛుట్టీ" అంటాడు. రెండూ ఉర్దూ నుంచి వచ్చినవే గానీ వాళ్లకి వేరువేరు దారుల్లో వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో, మెక్సికోలో సెమానా సాంతా అనే ఈస్టర్ ముందటి వారం కలిసొచ్చేలా లీవు పెట్టి, నేనూ నా భార్యా పాపా ఎల్లారెడ్డిలో వారం ఉన్నాం. యాసంగి కోతలు నడుస్తున్నాయి, రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. వచ్చిన రెండో రోజు బాపు అడిగాడు: "ఆడ మీకు ఛుట్టీ సుక్కురారమా, ఐతారమా?" ఆదివారమని చెప్పాను. "మా నాయినకు సుక్కురారం, నాకు సుక్కురారం. నీకే మారింది" అన్నాడు. నవ్వుతూ అన్నదే గానీ, నాకు ఆ మాట మీద నుంచి మనసు పక్కకి పోలేదు. ఈ వ్యాసం అక్కణ్నుంచి మొదలైంది.

*

తాత 1940లలో ఉర్దూ మీడియంలో నాలుగో జమాతు దాకా చదివాడు. అప్పుడు ఎల్లారెడ్డి నిజాం రాజ్యంలో, నిజామాబాద్ జిల్లాలో తాలూకా కేంద్రం. సర్కారు లెక్కలు ఫస్లీ సంవత్సరంలో నడిచేవి, కచేరీలకీ బళ్లకీ శుక్రవారం తాతీలు. బ్రిటిష్ ఇండియాలో ఆదివారం మూతపడే ఆఫీసుకీ, హైదరాబాద్ రాజ్యంలో శుక్రవారం మూతపడే ఆఫీసుకీ ఉత్తరాలు నడవాలంటే వారంలో రెండు రోజులు పోయేవన్నమాట.

ఈ తాతీలు ఊరందరిదీ కాదు. బడికి పోయే పిల్లలకీ, కచేరీలో కూర్చునేవాళ్లకీ మాత్రమే. వ్యవసాయం చేసేవాళ్లకి పండగే సెలవు. దొర గడీకి వెట్టి చేసేవాళ్లకి పండగ రోజున ఇంకాస్త ఎక్కువ పని. జీతగాళ్లకి ఏడాది లెక్క, అందులో ఇన్ని రోజులు నావి అని అడిగే పద్ధతే లేదు. తాత తనకి శుక్రవారం తాతీలు ఉండేదని గొప్పగా చెప్పడం వెనక ఇదుంది. నాలుగేళ్లు మాత్రమే, కానీ ఆ నాలుగేళ్లు వారంలో ఒక రోజు తనదని సర్కారు ఒప్పుకుంది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిశాక ఫస్లీ పోయింది, శుక్రవారమూ పోయింది, ఆదివారం వచ్చింది. రాజ్యం మారిందని ఊళ్లో చిన్నపిల్లలకి తెలిసింది బహుశా అలాగే అయ్యుంటుంది.

ఈ ఆదివారాన్ని దొరలు చర్చి కోసం పెట్టుకున్నారని మామూలుగా అనుకుంటాం. ఆఫీసుల వరకు నిజమే. కార్మికులకి మాత్రం అది అడగకుండా రాలేదు. బొంబాయి మిల్లుల్లో వారపు సెలవు కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి, సభలు జరిపితే, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారానికి ఒప్పుకున్నారు. మరుసటి ఏడు వచ్చిన ఫ్యాక్టరీ చట్టంలో వారానికో సెలవు చేరింది. ఆదివారం ఖండోబా రోజు కాబట్టి అదే కావాలని లోఖండే వాదించినట్టు చెబుతారు. ఖండోబా అంటే మనకి మల్లన్న. కొమురవెల్లి జాతర జరిగేది కూడా ఆదివారాల్లోనే.

బొంబాయిలో మనవాళ్లు అప్పటికే ఉన్నారు. నిజాం రాజ్యం నుంచి కట్టడం పనులకి వెళ్లిన తెలుగు కూలీలని కామాఠీలు అనేవాళ్లు, కామాఠీపురకి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కి మీటర్ గేజీ రైలు పడ్డాక కామారెడ్డి నుంచి బొంబాయి దారి సులువైంది. మన్మాడ్‌లో బండి మారితే చాలు. నూరేళ్ల పాటు మా తాలూకా వలసకి కామారెడ్డి స్టేషనే గుమ్మం.

*

మా ప్రాంతం నుంచి ఇంతమంది ఎందుకు వెళ్లారంటే కరువని ఒక్క మాటలో తేల్చేస్తారు. పక్కనే నిజాంసాగర్ ఉంది మరి. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరు. ఆ కాలువ నీళ్లు బాన్సువాడ, బోధన్ వైపు పారాయి. ఆ నీళ్ల కోసం కోస్తా జిల్లాల నుంచి రైతులొచ్చి భూములు కొని, క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. ఇటు కామారెడ్డి, ఎల్లారెడ్డి మెట్ట గ్రామాలకి చెరువులూ బోర్లే దిక్కు. ఒకే నిజామాబాద్ జిల్లాలో ఒకవైపు నీళ్ల కోసం జనం వచ్చారు, ఇంకోవైపు నీళ్లు లేక జనం పోయారు. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని తెలంగాణ ఉద్యమంలో విన్న మాటలో చివరి రెండూ మా ఇంటి పక్క వీధుల్లాంటివి.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు లేచాయి. బాపు వెళ్లింది 1994లో, షట్టరింగ్ పనికి. అప్పుడు నాకు ఐదేళ్లు. బాపు పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే దేశం దాటాలంటే సర్కారు విడిగా అనుమతివ్వాలి. ఏజెంటుకి కట్టడానికి మిత్తికి అప్పు తెచ్చాడు. అక్కడ దిగగానే కంపెనీవాళ్లు పాస్‌పోర్టు తీసి పెట్టుకున్నారు. వెళ్లడానికొక సెలవు, రావడానికింకొక సెలవు. నేను బీటెక్ పూర్తిచేసి విమానం ఎక్కినప్పుడు నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. డిగ్రీకి జీతంతో పాటు ఇదీ వస్తుందని కాలేజీలో ఎవరూ చెప్పరు.

దుబాయిలో కట్టడం పనివాళ్లకి వారానికి ఒక్క రోజే ఛుట్టీ, శుక్రవారం. తాత తాతీలు అర్ధ శతాబ్దం తర్వాత మా ఇంటికి ఆ దారిన తిరిగొచ్చింది. నా చిన్నప్పటి శుక్రవారం అంటే వీధి చివర కిరాణా దుకాణంలో పీపీ నంబరు దగ్గర నిలబడటం. ఫోను వస్తే దుకాణం పిల్లాడు ఉరికొచ్చేవాడు. మిగతా మాటలు క్యాసెట్లో వచ్చేవి, ఎవరైనా ఊరికి వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపేవాడు. మా అవ్వ అన్నం వండుతూ ఆ క్యాసెట్ పెట్టుకునేది, మధ్యమధ్య దానికి జవాబులు కూడా చెప్పేది. 2022 జనవరి నుంచి యూఏఈ వారాంతాన్ని శని, ఆదివారాలకి మార్చింది. అప్పటికే బాపు తిరిగొచ్చి పదేళ్లు.

ఆ దేశం చట్టంలో ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు ఉంది. టికెట్ ఖర్చుకి చూసి కంపెనీలు రెండేళ్లకి కలిపి రెండు నెలలిచ్చేవి. బాపు వస్తే తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు, రంగుల దుప్పట్లు, సెంటు సీసాలు, జండూబామ్ బదులు టైగర్ బామ్. మొదటి వారం ఊరంతా మా ఇంట్లో. చివరి వారం ఎవరూ ఏమీ మాట్లాడేవాళ్లు కాదు.

*

మెక్సికో నాకు ఈ కథని ఇంకోవైపు నుంచి చూపించింది. 1907 జనవరిలో రియో బ్లాంకో బట్టల మిల్లు కార్మికులు తిరగబడితే సైన్యం కాల్చి చంపింది. మూడేళ్లకి విప్లవం వచ్చింది. 1917 రాజ్యాంగంలో 123వ అధికరణం ఎనిమిది గంటల పనినీ, ఆరు రోజుల పనికి ఒక రోజు విశ్రాంతినీ రాసిపెట్టింది. వారపు సెలవుని రాజ్యాంగంలోనే పెట్టుకున్న దేశం అది. కానీ ఏడాది సెలవు దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగించింది. 1936లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ కనీసం ఆరు పనిదినాలు అంది. మెక్సికో 1970 కార్మిక చట్టంలోనూ మొదటి ఏడాదికి ఆ ఆరే. అది 2022 చివరిదాకా నడిచింది. 2023 జనవరి 1 నుంచి పన్నెండు చేశారు, ఆ సవరణని జనం "గౌరవప్రదమైన సెలవులు" అని పిలుచుకున్నారు. నేను 2022లో చేరాను. ఏడాది నిండేసరికి ఆరు కాస్తా పన్నెండయ్యాయి. మా టీమ్‌లో పెద్దాయన ఒకరు, నేనేదో అదృష్టవంతుణ్నని అప్పుడప్పుడు ఆటపట్టిస్తాడు.

ఆయన తాత బ్రసేరో. 1942 నుంచి 1964 దాకా మెక్సికో, అమెరికా ఒప్పందం మీద పొలాలకి పంపిన కూలీలని బ్రసేరోలు అనేవాళ్లు. బ్రాసో అంటే చెయ్యి, అంటే కావలసింది చేతులే. దాదాపు 45 లక్షల కాంట్రాక్టులు జరిగాయి. తొలి ఏళ్లలో జీతంలో పదో వంతు పొదుపని కోశారు, చాలామందికి అది తిరిగి రాలేదు. ఎక్కువమంది వెళ్లిన రాష్ట్రాల్లో నేనుండే హలిస్కో ఒకటి. ఇప్పటికీ ఇక్కడి పల్లెల్లో ఉత్తరానికి పోయినవాళ్లు కట్టుకున్న రెండంతస్తుల ఇళ్లు తాళాలేసి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు లింగంపేట రోడ్డు మీద ఉన్నాననిపించింది. గేటు రంగులతో సహా.

ఒక తేడా ఉంది. డిసెంబరులో ఇళ్లకి వచ్చే వలసవాళ్లని దారిలో పోలీసులూ కస్టమ్స్‌వాళ్లూ పీడించకుండా మెక్సికో ప్రభుత్వం 1989లో "పైసానో" అనే కార్యక్రమం పెట్టింది. పైసానో అంటే మన ఊరివాడు. వలసపోయినవాడి సెలవు కూడా దేశానికి సంబంధించిన సంగతేనని ఒప్పుకోవడం అది. ఎంత బాగా నడుస్తుందన్నది వేరే మాట. మన దగ్గర గల్ఫ్ వలస పేపర్లకెక్కేది ఎక్కువగా ఎయిర్‌పోర్టుకి పెట్టె వచ్చినప్పుడే. అట్టపెట్టెతో దిగినవాణ్ని ఎవరూ రాసుకోలేదు.

*

వారంలో ఐదో రోజు రాత్రి, కరెంటు పోయి వాకిట్లో మంచాలేసుకున్నప్పుడు, బాపు తన ఛుట్టీలు లెక్కపెట్టాడు. 1994 నుంచి 2012 దాకా పద్దెనిమిదేళ్లు. రావలసింది ఎనిమిది సార్లు, ఒకసారి కంపెనీ జీతాలే ఎగ్గొట్టింది కాబట్టి ఏడు సార్లు. సారికి అరవై రోజులు. 420. నేను ఫోన్లో భాగించాను, ఏడాదికి 23 రోజులు.

చిన్నప్పుడు ఆయన మీద నాకు కోపం ఉండేది. పదో తరగతిలో మార్కులొచ్చినప్పుడు లేడు, తాత పోయినప్పుడు మూడో రోజుకి వచ్చాడు. ఆయనలా బతకొద్దనే చదువుకున్నాను.

అలవాటు కొద్దీ నాదీ లెక్కవేశాను. మూడేళ్లలో మూడు సార్లు వచ్చాను. లీవులో కొన్ని రోజులు పాప జ్వరాలకీ వీసా కాగితాలకీ పోతాయి. నేరుగా విమానం లేదు, రానూపోనూ నాలుగు రోజులు గాల్లోనే. పదకొండున్నర గంటల తేడా ఒంటికి సర్దుకోవడానికి ఇంకో రెండు. కరీంనగర్‌లో అత్తగారింట్లో కొన్నాళ్లు. ఎల్లారెడ్డికి మిగిలేది సారికి వారం. ఏడాదికి ఏడు రోజులు.

పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. అప్పు లేదు, ముద్ర లేదు. ఎవరి అనుమతీ అక్కర్లేని నాకంటే, అందరి అనుమతీ కావలసిన మనిషి మూడింతలు ఎక్కువ రోజులు ఇంట్లో ఉన్నాడు. ఈ అంకె బాపుకి చెప్పలేదు. ఆయనే, "నీది నేను లెక్కపెట్టలేదనుకున్నవా?" అన్నాడు. ఇంకేమీ అనకుండా అటు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున కారులో కామారెడ్డి దాకా బాపు కూడా వచ్చాడు. చిన్నప్పుడు ఆయన బొంబాయి బండి ఎక్కడానికి నేను ఇలాగే వచ్చేవాణ్ని. స్టేషన్ రోడ్డులో చాయ్ తాగాం. అక్కణ్నుంచి ఆయన బస్సులో వెనక్కి, మేం హైవే పట్టుకుని శంషాబాద్‌కి. కారెక్కుతూ పాప, బడిలో నేర్చుకున్నట్టు, తాతతో "కోన్ పెర్మిసో" అంది.

"ఏమంటుందిరా?"

"సెలవిప్పించమంటుంది బాపు."

"నేనియ్యనని చెప్పు" అన్నాడు.