ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు: నిర్ధారణ పరీక్ష, బడిలో తోడ్పాటు

అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్, పొడి అక్షరాల్లో ఏడీహెచ్‌డీ, మెదడు ఎదుగుదలతో ముడిపడిన స్థితి. ధ్యాస ఒకచోట నిలవకపోవడం, వయసుకు మించి కదులుతూ ఉండటం, ముందూ వెనకా చూసుకోకుండా చేసేయడం దీని ప్రధాన లక్షణాలు. ప్రపంచం మొత్తం మీద పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఉంటుందని అంచనా. కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం దీనిలో వంశపారంపర్యం పాలు 70–80 శాతం. గారాబం వల్లనో, సెల్‌ఫోన్ వల్లనో, తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్లనో ఇది పుట్టదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తల్లిదండ్రులు ఎక్కువగా తటపటాయించేది రెండు చోట్ల: పరీక్ష చేయించాలా వద్దా, చేయిస్తే ఆ సంగతి బడిలో చెప్పాలా వద్దా.

సందేహం ఎక్కడ మొదలవుతుంది

చాలా ఇళ్లలో మొదటి కబురు బడి డైరీలోనే వస్తుంది. నోట్స్ పూర్తి చేయడు, పక్కవాళ్లను రాసుకోనివ్వడు, చెప్పింది చెవికెక్కదు. పేరెంట్స్ మీటింగ్‌లో అదే మాట మళ్లీ వినిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం కొట్టిపారేస్తారు: "వాళ్ల నాన్నా చిన్నప్పుడు ఇంతే, పెద్దయ్యాక కుదురుకోలేదూ?" ఈ మాటలో కొంత నిజం ఉంది. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో వస్తుంది కనుక తండ్రి బాల్యం గురించి నాయనమ్మ చెప్పే సంగతులు వైద్యుడికి పనికొచ్చే సమాచారమే. వయసు పెరిగేకొద్దీ పరుగులు, దూకుళ్లు తగ్గడమూ నిజమే. కానీ ధ్యాసకు సంబంధించిన ఇబ్బంది చాలామందిలో యౌవనంలోనూ, ఆ తర్వాతా మిగిలే ఉంటుంది. దారిలో పడ్డాడని అందరూ అనుకున్న తండ్రి ఎన్ని దెబ్బలు తిని, ఎన్ని అవకాశాలు జారవిడుచుకుని అక్కడికి చేరాడో ఆయన్నే అడగాలి.

ఆడపిల్లల విషయంలో ఆ మొదటి కబురు కూడా రాదు. వాళ్లలో పరధ్యానం రకం ఎక్కువ. కిటికీ వైపు చూస్తూ నిశ్శబ్దంగా కూర్చున్న పిల్లతో ఎవరికీ ఇబ్బంది లేదు కనుక ఎవరూ పట్టించుకోరు. బాల్యంలో నిర్ధారణ అయినవారిలో మగపిల్లలు దాదాపు రెట్టింపు ఉండటానికి ఇదీ ఒక కారణం.

దీనికి ఎదురుగా, తొందరపడే ప్రమాదం కూడా ఉంది. అమెరికా, కెనడా, తైవాన్‌లలో జరిగిన అధ్యయనాల్లో ఒకే తరగతిలో వయసులో చిన్నవాళ్లయిన పిల్లలకు ఏడీహెచ్‌డీ ముద్ర ఎక్కువగా పడుతున్నట్టు తేలింది. మూడేళ్లు నిండకుండానే నర్సరీలో, ఆరు నిండకుండానే ఒకటో తరగతిలో వేసే అలవాటున్న మన ప్రాంతంలో ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. ఐదేళ్ల పిల్లవాడు నలభై నిమిషాలు కదలకుండా కూర్చోలేకపోతే అది జబ్బు కాదు, వయసు.

పరీక్షలో ఏం చూస్తారు

ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. నిర్ధారణ అంతా పిల్లవాడి నడత గురించిన వివరాల మీదే ఆధారపడుతుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథంలో 18 లక్షణాలున్నాయి: ధ్యాసకు సంబంధించినవి 9, అతిచురుకుదనానికీ తొందరపాటుకూ సంబంధించినవి 9. పిల్లల్లో ఏదో ఒక వర్గంలో కనీసం 6 లక్షణాలు 6 నెలలకు పైగా ఉండాలి. అవి 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల, కనిపించాలి. వాటివల్ల చదువుకో, స్నేహాలకో, ఇంటి జీవితానికో నిజమైన ఆటంకం కలగాలి.

రెండు చోట్ల అన్న షరతు వల్లనే టీచరు మాట తప్పనిసరి అవుతుంది. తల్లిదండ్రులకూ టీచర్లకూ వేర్వేరుగా ఇచ్చే కానర్స్, వాండర్‌బిల్ట్ ప్రశ్నావళులు వాడుకలో ఉన్నాయి. భారతీయ పిల్లల కోసం, 6–9 ఏళ్ల వారికని, ఇన్‌క్లెన్ సంస్థ ఒక నిర్ధారణ సాధనాన్ని రూపొందించింది. పిల్లవాడిని పది నిమిషాలు చూసి, టీచరు రాసిన ఒక్క ముక్క కూడా చదవకుండా ఇచ్చిన నిర్ధారణను నమ్మకపోవడమే మంచిది. వైద్యుడి గదిలో చాలామంది పిల్లలు బుద్ధిగానే కూర్చుంటారు. కొత్త చోటు, కొత్త మనిషి వాళ్ల ధ్యాసను కాసేపు పట్టి ఉంచుతాయి.

అలాంటి లక్షణాలే కలిగించే వేరే కారణాలను ముందు తోసిపుచ్చాలి. చూపు, వినికిడి పరీక్షలు మొదట చేయించాలి. ఎడినాయిడ్స్ పెరిగి గురకపెట్టే పిల్లవాడు రాత్రి సరిగా నిద్రపోక పగలు చిరాకుగా, చంచలంగా ఉంటాడు. కొన్ని సెకన్లపాటు చూపు నిలిచిపోయే ఒక రకం మూర్ఛ పరధ్యానంలా కనబడుతుంది. రక్తహీనత, థైరాయిడ్ తేడాలు, ఇంట్లో గొడవలు, బడిలో ఏడిపించడం కూడా లెక్కలోకి రావాలి. చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేకమైన అభ్యసన వైకల్యం ఏడీహెచ్‌డీతో కలిసి రావడం చాలా మామూలు. కనుక రెండింటినీ ఒకేసారి పరీక్షించమని అడగాలి. ఐక్యూ పరీక్ష పిల్లవాడి బలాలు తెలుసుకోవడానికి పనికొస్తుంది తప్ప ఏడీహెచ్‌డీ ఉందో లేదో చెప్పదు. 'బ్రెయిన్ మ్యాపింగ్' పేరుతో వేలు వసూలు చేసే పరీక్ష కూడా ఆ పని చేయలేదు.

నిర్ధారణ చేయగలవారు పిల్లల మానసిక వైద్యులు, ఎదుగుదల విషయంలో శిక్షణ పొందిన పిల్లల వైద్యులు. క్లినికల్ సైకాలజిస్టులు పరీక్షలు జరిపి నివేదిక ఇస్తారు. ఈ సైకాలజిస్టులకూ, స్పెషల్ ఎడ్యుకేటర్లకూ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగడం అమర్యాద కాదు. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సాధికార సంస్థ (ఎన్ఐఈపీఐడీ) ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించాల్సిన స్థితుల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. బడికి వచ్చే ఆరోగ్య బృందం అనుమానం ఉన్న పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతుంది. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ తెలుగులో దొరుకుతుంది.

వెళ్లేటప్పుడు పాత నోట్‌బుక్కులు, డైరీలో టీచర్లు రాసిన మాటలు, ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్లడం మేలు. ఆరు నెలల చరిత్రను తల్లి జ్ఞాపకం కంటే రఫ్ నోట్సు బాగా చెబుతుంది.

ముద్ర పడుతుందన్న భయం

పరీక్షకు వెనుకాడే తల్లిదండ్రుల భయం ఉత్తదేమీ కాదు. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో, బడివాళ్లు టీసీ తీసుకోమంటారేమో, రేపు పెళ్లి సంబంధాల దగ్గర అడ్డొస్తుందేమో అన్న ఆలోచనలు వస్తాయి. అయితే వైద్యపరమైన పేరు పెట్టించనంత మాత్రాన పిల్లవాడు పేరు లేకుండా ఉండడు. బద్ధకస్తుడు, మొండిఘటం, తలతిక్క అని పిలిచేవాళ్లు అప్పటికే ఉంటారు. ఆ పేర్లను పిల్లవాడు నమ్మడం మొదలుపెడితే, ఆ నష్టాన్ని పూడ్చడం ఏడీహెచ్‌డీకి చికిత్స చేయడం కంటే కష్టం.

నివేదిక తల్లిదండ్రుల సొత్తు. బడికి ఎంత చెప్పాలన్నది వాళ్ల చేతిలోనే ఉంటుంది. పూర్తి నివేదిక ఇవ్వడం ఇష్టం లేనివారు పిల్లవాడికి ఏమేం అవసరమో ఒక పేజీలో రాయించి ఇవ్వవచ్చు. టీచరుకు ఐక్యూ అంకె కంటే ఆ ఒక్క పేజీయే ఉపయోగపడుతుంది.

ఆగడం సబబైన సందర్భాలూ ఉన్నాయి. ఆరేళ్ల లోపు పిల్లలు, కొత్తగా బడో ఊరో మారినవాళ్లు, ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు, ఒక్క టీచరు క్లాసులోనే ఇబ్బంది పెట్టేవాళ్లు అయితే ఒక టర్ము గమనించి చూడవచ్చు. అలా ఆగినప్పుడు కూడా కింద చెప్పిన తోడ్పాటును ఆపక్కర్లేదు.

తరగతి గదిలో

ధ్రువపత్రం ఉంటేనే సాయం చేస్తామనే బడులున్నాయి. ఇది సరికాదు. పిల్లవాడికి అత్యవసరమైన మార్పుల్లో చాలావాటికి ఏ కాగితమూ అక్కర్లేదు. తలుపుకూ కిటికీకీ దూరంగా, టీచరుకు దగ్గరగా ఉన్న బెంచీలో కూర్చోబెట్టడం. ఐదు పనులు ఒక్కసారి చెప్పకుండా ఒకటి చెప్పి, అది అయ్యాక రెండోది చెప్పడం. బోర్డు మీదిది మొత్తం ఎక్కించుకోలేకపోతే పక్క పిల్లల నోట్సు ఫొటో తీసుకోనివ్వడం. హోంవర్క్ డైరీలో రాసుకున్నాడో లేదో బెల్లు కొట్టేముందు ఒకసారి చూడటం. నోట్‌బుక్కులు పంచడం, బోర్డు తుడవడం వంటి పనులు అప్పగిస్తే లేచి తిరిగే అవసరం గౌరవంగా తీరుతుంది. రోజుకు రెండు మూడు చిన్న లక్ష్యాలు పెట్టి, సాయంత్రం కార్డు మీద టిక్కు పెట్టి ఇంటికి పంపడం, ఇంట్లో దానికి వెంటనే మెచ్చుకోలు దొరకడం అన్నది పరిశోధనల్లో నిలబడిన పద్ధతి.

చేయకూడనివీ చెప్పాలి. తప్పు చేశాడని ఆటల పీరియడ్ తీసేయడం అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే కదలిక ఆ పిల్లవాడికి మందులాంటిది. అదే వాక్యం వందసార్లు ఇంపోజిషన్ రాయించడం వల్ల చదువు మీద విరక్తి తప్ప మరేదీ రాదు. కొట్టడం, అవమానించడం చట్టవిరుద్ధం: విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ రెండింటినీ నిషేధించింది. అదే చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లవాడిని బడి నుంచి పంపించేయకూడదు. ఫీజులు తీసుకునే ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుంది. టీసీ పట్టుకుపొమ్మని నోటిమాటగా ఒత్తిడి చేసినప్పుడు, ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మని అడగడం తల్లిదండ్రుల హక్కు.

చట్టంలో ఉన్నది, లేనిది

వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, ప్రత్యేక అభ్యసన వైకల్యం ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ఈ లోటు వల్ల ఏడీహెచ్‌డీ నివేదిక ఒక్కటే పట్టుకుని పరీక్షల్లో వెసులుబాటు కోరినవారు వెనక్కి తిరిగి రావాల్సి వస్తోంది. రోజూ ఇబ్బంది పడే పిల్లవాడిని జాబితా బయట నిలబెట్టిన ఈ ఏర్పాటును సవరించాల్సిన అవసరం స్పష్టంగా ఉంది.

ఏడీహెచ్‌డీతోపాటు అభ్యసన వైకల్యం కూడా తేలితే దారి తెరుచుకుంటుంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అభ్యసన వైకల్య ధ్రువపత్రం 8 ఏళ్లు నిండాక ఇస్తారు. వికలాంగుల హక్కుల చట్టంలోని 17వ సెక్షన్ అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి కల్పించమంటోంది. సీబీఎస్ఈ 3 గంటల పరీక్షకు 60 నిమిషాలు, 2 గంటల పరీక్షకు 40 నిమిషాలు అదనంగా ఇస్తుంది. ప్రైవేటు క్లినిక్ ఇచ్చిన కాగితం చికిత్సకు సరిపోవచ్చు గానీ, బోర్డు పరీక్షకు బోర్డు గుర్తించిన అధికారి లేదా సంస్థ ధ్రువపత్రం కావాలి. పదో తరగతి ఫీజు కట్టే నెలలో కాకుండా ఎనిమిదిలోనే ఈ పని మొదలుపెట్టాలి. ప్రభుత్వ బడుల పిల్లలకు రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు అందుబాటులో ఉంటారు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు పరిస్థితి వేరు. అక్కడి ప్రత్యేక విద్యా చట్టంలో 'ఇతర ఆరోగ్య లోపాలు' అన్న వర్గం కింద ఏడీహెచ్‌డీ వస్తుంది. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ కింద కూడా వెసులుబాట్లు దొరుకుతాయి. తల్లిదండ్రులు బడికి ఉత్తరం రాసి ఉచిత పరీక్ష కోరవచ్చు.

మందులు

భారతదేశంలో ఎక్కువగా వాడేవి మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సిటిన్. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు కనుక చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకటి దుకాణదారు దగ్గర ఉండిపోతుంది. అందుకే అన్ని ఊళ్లలోనూ దొరకదు. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం సాధారణ దుష్ప్రభావాలు. ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు క్రమంగా చూడాలి. చికిత్సలను పోల్చి చూసి, 1999లో ఫలితాలు వెలువరించిన ఎంటీఏ అధ్యయనంలో 579 మంది పిల్లలను 14 నెలలు గమనించారు. ప్రధాన లక్షణాలను తగ్గించడంలో జాగ్రత్తగా ఇచ్చిన మందు, ప్రవర్తనా చికిత్స ఒక్కటే ఇచ్చినదాని కంటే మెరుగ్గా పనిచేసింది. మూడేళ్లు గడిచేసరికి ఆ తేడా మిగల్లేదు. ఆరేళ్ల లోపు పిల్లలకు ముందుగా చేయాల్సింది తల్లిదండ్రులకు శిక్షణ అని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

హైస్కూలు, హాస్టలు

ఆరో తరగతిలో ఒక్క టీచరు పోయి సబ్జెక్టుకొకరు వస్తారు. అప్పటిదాకా నెట్టుకొచ్చిన పిల్లలు చాలామంది అక్కడ తడబడతారు. ఏటా జూన్‌లో కొత్త క్లాస్ టీచరును కలిసి పాత ఏర్పాట్లు మళ్లీ చెప్పుకోవాలి, బడి తనంత తాను ఆ సమాచారం అందించదు. ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీలో వేసేముందు మరింత ఆలోచించాలి. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ఆటలు లేకపోవడం, నిద్ర కోత ఇలాంటి పిల్లలకు ఎంతమాత్రం సరిపడవు. చేర్పించక తప్పదనుకుంటే మందు ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు ఇస్తారు, వారానికి ఎన్నిసార్లు ఫోన్‌లో మాట్లాడనిస్తారు, రోజూ గ్రౌండులోకి వదులుతారా అన్నవి అడ్వాన్సు కట్టకముందే వార్డెన్‌తోనూ ప్రిన్సిపాల్‌తోనూ తేల్చుకోవాలి.