మౌనము

మునియొక్క భావము మౌనము. ముని యనగా మననశీలుడు. కావున ఈ శబ్దమునకు మూలార్థము మననమే గాని నోరు మూసికొనుట కాదు. భగవద్గీత మౌనమును వాఙ్మయతపస్సునందు గాక మానసతపస్సునందు చేర్చుటయు ఇందులకు సాక్ష్యము. తెలుగు వాడుకలో నిది మౌనవ్రతమై, మౌనముద్రయై, తుదకు ‘మౌనం అర్ధాంగీకారం’ అను లోకోక్తియై, పలుకకుండుట యను బాహ్యార్థమునకే పరిమితమైనది.

మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు, నేటి నర్మదాపురము, ఈ శబ్దమునకు వేఱొక భాష్యమును చూపగలదు. అచ్చట 1870ల నుండి సేవ చేసిన ఆంగ్ల క్వేకర్లు జార్జి ఫాక్సు బోధనల వలన 17వ శతాబ్దమున వెలసిన మిత్రసమాజమను క్రైస్తవశాఖవారు. 1650లో ఒక న్యాయాధికారి వారిని ‘వణకువారు’ (క్వేకర్లు) అని పరిహసింపగా ఆ పేరే వారికి స్థిరపడినది. వారి ప్రాచీన ఆరాధనాపద్ధతియందు పురోహితుడు గాని, ముందుగా కూర్చిన ప్రార్థన గాని లేదు. ఎల్లరును నిశ్శబ్దముగా కూర్చుండగా, అంతర్జ్యోతిచే ప్రేరితులైనవారు, స్త్రీలైనను పురుషులైనను, లేచి నాలుగు మాటలు పలికి కూర్చుందురు. సభ మరల మౌనము దాల్చును. తుదకు పెద్దలిరువురు చేతులు కలుపుటతో ఆరాధన ముగియును.

మన మౌనవ్రతము ప్రాయికముగా ఏకాంతసాధన; వారిది పదుగురు కూడి చేయు మననము. పొరుగువానిలోను సత్యము పలుకగలదను విశ్వాసమే దీనికి ఆధారము. పలుకనివాడు ఒప్పుకొనెనని తలచుట మాని, వినుటకు సిద్ధపడెనని తలచు సంఘమునందే మౌనశబ్దము తన ధాత్వర్థముతో సార్థకమగును.