సింగిల్ మాల్ట్ స్కాచ్ విస్కీ

సింగిల్ మాల్ట్ స్కాచ్ విస్కీ అనేది స్కాట్లాండులో మొలకెత్తించిన బార్లీ, నీరు, ఈస్టులతో తయారయ్యే మద్యం. 'సింగిల్' అనగా ఒకే డిస్టిలరీకి చెందినదని అర్థం, ఒకే పీపాలోనిదని కాదు.

తయారీ

పులిసిన ద్రవాన్ని రాగి పాత్రలలో స్వేదనం చేసి, ఓక్ పీపాలలో కనీసం 3 సంవత్సరాలు స్కాట్లాండులోనే నిల్వ చేస్తారు. ఆల్కహాలు 40 శాతానికి తగ్గరాదు.

ప్రాంతాలు, రుచులు

2009 నాటి నిబంధనలు హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, క్యాంబెల్‌టౌన్, ఐలా అను 5 ప్రాంతాలను గుర్తించాయి. ఐలా ద్వీపపు లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ విస్కీలకు ఘాటైన పొగవాసన ఉంటుంది. పీట్ అనే నేలబొగ్గు వంటి ఇంధనపు పొగతో బార్లీని ఆరబెట్టడమే దీనికి కారణం. అయితే రుచిని ప్రాంతం ఒక్కటే నిర్ణయించదు. ఐలాలోనే తయారయ్యే బునహావన్ విస్కీలలో అధికభాగం పొగవాసన లేనివే. షెర్రీ పీపాలలో నిల్వ చేసినవాటికి ఎండుద్రాక్షను పోలిన రుచి వస్తుంది.

పోల్చే పద్ధతి

తులిప్ పువ్వు ఆకారపు ఒకే రకం గ్లాసులలో కొద్దికొద్దిగా పోసి, ముందు వాసన, పిదప రుచి చూస్తారు. కొన్ని నీటిచుక్కలు కలిపి మరల పరీక్షిస్తారు. పొగవాసన గలవాటిని చివర ఉంచుతారు, లేనిచో తక్కినవాటి సున్నితమైన రుచి తెలియదు. కేరమెల్ రంగు కలుపుటకు అనుమతి ఉన్నందున, ముదురు రంగును బట్టి విస్కీ వయసును అంచనా వేయరాదు. సీసాపై ముద్రించిన వయసు అందులోని అతి పిన్న విస్కీది.