వేలు పడకపోతే?

హైదరాబాద్ సరూర్‌నగర్ బస్తీల్లో రేషన్ దుకాణం ముందు కాసేపు నిలబడితే చాలు, ఒక మాట పదే పదే వినిపిస్తుంది: "వేలు పడతలేదు." డీలర్ వేలిముద్ర తీసుకునే ఈపాస్ మిషన్ ముందుకు జరుపుతాడు. "అమ్మా, చెయ్యి తుడుచుకొని గట్టిగ పెట్టు" అంటాడు. ఆమె కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. బొటనవేలు, చూపుడువేలు, అటు చెయ్యి, ఇటు చెయ్యి. నాలుగిళ్లలో అంట్లు తోమే చేతులవి. సిమెంటు కలిపేవాళ్లకూ, గడ్డిఅన్నారం మార్కెట్లో ఏళ్ల తరబడి పండ్ల పెట్టెలు మోసినవాళ్లకూ ఇదే బాధ. ఒంటి చాకిరీ వేలి గీతలను అరగదీస్తుంది. సర్కారు బియ్యం అవసరమయ్యేది కూడా ఆ చాకిరీ చేసేవాళ్లకే.

వేలిముద్రకూ సర్కారు సొమ్ముకూ ముడిపడి ఇప్పటికి దాదాపు 150 ఏళ్లయింది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లిష్ అధికారి, రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారుతో రోడ్డు కంకర ఒప్పందం రాయించుకుని, కాగితం మీద అతని అరచేతి అచ్చు వేయించాడు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు వేలిముద్రల పద్ధతిని మూడు చోట్ల పెట్టాడు: పింఛన్ల చెల్లింపు, దస్తావేజుల రిజిస్ట్రేషన్, జైలు. పింఛనుదారు చనిపోయాక కూడా వేరెవరో వచ్చి డబ్బు తీసుకుపోతున్నారన్నది ఆయన అనుమానం. నేరస్తుల వేలిముద్రల బ్యూరో కలకత్తాలో 1897లో గానీ రాలేదు. అంటే దొంగల కోసం బ్యూరో పెట్టకముందే పింఛను ముసలివాళ్ల వేళ్లు సర్కారు పుస్తకాలకెక్కాయి. ఈ సంగతిని నేను తేలిగ్గా తీసుకోలేను. దొంగ హక్కుదారును పట్టుకోవడానికి పుట్టిన పద్ధతి ఇది. నిజమైన హక్కుదారు వేలు పడకపోతే ఏం చేయాలన్న ప్రశ్న దాని పుట్టుకలో లేదు.

మన దగ్గర ఆ ప్రశ్నకు ఒకసారి మంచి జవాబే దొరికింది. అదీ ఆధార్ ఊళ్లలోకి రాకముందే.

2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్ల చెల్లింపుకు స్మార్ట్‌కార్డులు మొదలుపెట్టింది. తొలి ప్రయోగం వరంగల్ జిల్లాలో. కార్డులోని చిప్‌లో లబ్ధిదారు వేలిముద్రలుంటాయి. ఊళ్లోనే ఒకామె చేతిమిషన్‌తో కూర్చుంటుంది. వేలు పెడితే ముద్ర సరిచూసుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు చేతికిస్తుంది. కొన్ని మిషన్లు ఎంత ఇచ్చిందీ తెలుగులో పైకి చెప్పేవి, చదువురానివాళ్లకు తెలియాలని. ఆ పనికి మనిషిని ఎంచుకోవడంలోనే అసలు తెలివి ఉంది. ఆమె ఆ ఊరిదే అయి ఉండాలి, వీలైతే పొదుపు సంఘం మనిషి, దళిత మహిళ అయితే మరీ మంచిది, ఊరి పెద్దలకు బంధువు కాకూడదు.

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దీన్ని రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి పరీక్షించారు. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్లగొండ, నెల్లూరు, విజయనగరం జిల్లాలు తీసుకున్నారు. ఏ మండలంలో ముందు కార్డులివ్వాలో, ఎక్కడ తర్వాతివ్వాలో లాటరీ తీసి నిర్ణయించారు. ఆ 157 మండలాల జనాభా దాదాపు 1.9 కోట్లు. కార్డులొచ్చిన చోట కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాల దాకా తగ్గింది, ఉపాధి హామీ ద్వారా ఇంటికొచ్చే రాబడి 24 శాతం పెరిగింది, మధ్యలో కారిపోయే సొమ్ము బాగా తగ్గింది. వాడినవాళ్లలో 90 శాతం పైగా పాత పద్ధతి కంటే ఇదే నయమన్నారు.

ఈ లెక్కలు చూపించి బయోమెట్రిక్‌ను మెచ్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు చెప్పని ముక్క ఒకటుంది. కార్డు లేనివాళ్లకు, ఇంకా వేలిముద్రలు ఇవ్వనివాళ్లకు ఆ మండలాల్లో చెల్లింపు ఆగలేదు. పాత పద్ధతిలోనే ఇచ్చారు. ఇదే ముగ్గురు ఆ తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు ఏం జరిగిందో చూశారు. అక్కడ వేలిముద్ర ఒక్కదానివల్ల దొంగతనం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అప్పటికి ఆధార్ జతచేయించుకోని కుటుంబాలకు మాత్రం నష్టం జరిగింది. రెండు చోట్లా వేలిముద్రే. ఒకచోట అది లేకపోయినా బువ్వ ఆగలేదు, ఇంకోచోట ఆగింది. నా దృష్టిలో మొత్తం తేడా ఇదే.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అంటేనే నల్లగొండ, ఖమ్మం బస్సులు దిగే చోటు. ఆ బస్సులెక్కి వచ్చి ఇక్కడే గదులు తీసుకుని స్థిరపడ్డవాళ్లు లెక్కలేనంతమంది. ఊళ్లో మిషన్ పట్టుకుని కూర్చున్నామె వీళ్లను పేరుపెట్టి పిలిచేది. పట్నంలో మిషన్ ముందు వీళ్లెవరో ఎవరికీ తెలియదు.

పట్నానికి ఆధార్ ముందు గ్యాస్ బండతో వచ్చింది. 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో తొలి నంబర్ ఇచ్చారు. మూడేళ్లు తిరక్కుండానే, 2013 జూన్ 1న గ్యాస్ సబ్సిడీని నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే పథకం మొదలైంది. ఆ తొలి జాబితాలో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలు రెండూ ఉన్నాయి. ఆధార్ జిరాక్సులు పట్టుకుని ఏజెన్సీ ముందొకసారి, బ్యాంకు ముందొకసారి వరుసకట్టడం మనకు అప్పుడే అలవాటైంది. కార్డు లేదని ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని అదే ఏడాది సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశమిచ్చింది. పథకం 2014 మొదట్లో ఆగి, చివర్లో 'పహల్' పేరుతో మళ్లీ వచ్చింది.

నమోదులోనూ లోపాలు బయటపడ్డాయి. 2012లో అనంతపురం జిల్లా జంబులదిన్నె చిరునామాతో కొత్తిమీర పేరున ఆధార్ నంబర్ జారీ అయింది. తండ్రి పేరు పలావ్, ఫొటో ఉండాల్సిన చోట సెల్‌ఫోన్ బొమ్మ. అదే రోజుల్లో హైదరాబాద్‌లో ఒకే ఉద్యోగి లాగిన్ మీద దాదాపు 30 వేల నమోదులు జరిగినట్టు తేలింది. కొత్తిమీరకు నంబర్ ఇచ్చిన వ్యవస్థే, గీతలరిగిన వేలున్న మనిషిని నువ్వు నువ్వు కాదు పొమ్మనడం నాకు కష్టం కలిగిస్తుంది.

రేషన్ దుకాణాలకు ఈపాస్ 2016లో హైదరాబాద్ నుంచే మొదలైంది. కరోనా కాలంలో అందరూ ఒకే మిషన్ మీద వేలు పెట్టడం ప్రమాదమన్న మాట హైకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరి నుంచి ఓటీపీ, కనుపాప అన్నారు. దాంతో ఫోన్ నంబర్ ఆధార్‌కు జతచేయించుకోవడానికి జనం మీసేవల ముందు బారులు తీరారు. ఫోన్ కొడుకు దగ్గరుంటుంది, కొడుకు పనిమీదుంటాడు, ఓటీపీ అతనికొస్తుంది. అది అతను చెప్పేదాకా బియ్యం కోసమొచ్చిన తల్లి అక్కడే కూర్చోవాలి.

హెర్షెల్ వేలిముద్ర పెట్టించిన రెండో చోటు, దస్తావేజు. అందులోంచి ఇప్పుడో కొత్త ముప్పు వచ్చింది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, పాలిమర్ మీద అచ్చుపోసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత ఇదే దారిలో ఆధార్ చెల్లింపు మిషన్ల ద్వారా బ్యాంకు ఖాతాల్లో సొమ్ము తీసిన ముఠాలను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలిని ఎక్కడ మార్చుకుంటాం?

2018 సెప్టెంబర్ 26 తీర్పులో సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు ఆధార్ తప్పనిసరి కాదంది. సంక్షేమ పథకాలకు మాత్రం చెల్లుతుందంది. ధనికుడికి వెసులుబాటు దొరికింది, పేదకు దొరకలేదు. ఐదుగురు న్యాయమూర్తుల్లో చంద్రచూడ్ ఒక్కరే చట్టమే చెల్లదన్నారు.

తెలంగాణలో మరో పొర కూడా ఉంది. సమగ్ర వేదిక అనే వ్యవస్థ వాహనాలు, ఆస్తులు, కరెంటు బిల్లుల వివరాలన్నీ కలిపి ఎవరు అర్హులో అంచనా వేస్తుంది. రిక్షా తొక్కి బతికిన మనిషి పేరున కారుందని లెక్కలో పడి, ఆ ఇంటికి రేషన్ కార్డు రాని సంగతి పత్రికల్లో వచ్చింది. కంప్యూటర్ లెక్కల మీద 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయికి వెళ్లి పరిశీలించాలని, ఎస్.క్యూ. మసూద్ అనే హైదరాబాద్ కార్యకర్త వేసిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఇంటికెళ్లి చూడాల్సిన పనిని ముందే చేసి ఉంటే కోర్టుతో పనే ఉండేది కాదు.

వేలు పడకపోతే ఏం చేయాలో రాతపూర్వకంగా ఉంది. 2017 అక్టోబర్ 24న ఆధార్ సంస్థే సర్క్యులర్ ఇచ్చింది. ముద్ర పడలేదని సరుకు ఆపకూడదు. కనుపాప, ఓటీపీ ప్రయత్నించాలి. అవీ కుదరకపోతే వివరాలు రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వాలి. ఇక నేనడిగేది: ఆ రిజిస్టర్ ప్రతి దుకాణంలో బల్లమీద కనబడేలా ఉండాలి. ఆ సర్క్యులర్ తెలుగులో, ఉర్దూలో పెద్దక్షరాలతో గోడకు అంటించి ఉండాలి. సన్నబియ్యం ఇస్తున్న ఈ రోజుల్లో వరుసలు ఇంకా పెరిగాయి, కాబట్టి ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. వేలు పడలేదని ఉత్త చేతులతో తిప్పి పంపబోతే, "రిజిస్టర్‌లో రాసి ఇయ్యండి" అని అడిగే హక్కు వరుసలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఉంది.