ఎబినేజరు ఇటుకల దేవాలయము

1731 అక్టోబరు 31వ తేదీ శాసనముచే సాల్జ్‌బర్గు ఆర్చిబిషప్పు ఫర్మియను తన యేలుబడిలోని ప్రొటెస్టంటులకు దేశబహిష్కారము విధింపగా, భూవసతి లేని కూలివారికి ఎనిమిది దినములే గడువు దొరకెను. ఇంచుమించు ఇరువదివేలమంది ఆల్ప్సు కొండపల్లెలు విడిచిపోయిరి. పెక్కురు ప్రష్యాకు చేరిరి. కొలదిమంది మాత్రము, బోల్ట్సియసు, గ్రోనా అను ఇరువురు పాదరులను వెంటనిడుకొని, 1734లో అమెరికాలోని జార్జియాకు వచ్చి, ఎబినేజరు అను పల్లె కట్టుకొనిరి. అచటి యిసుకనేల పంటకు పనికిరాకపోవుటయు, జ్వరములు పలువురిని పొట్టనబెట్టుకొనుటయు చూచి, రెండేండ్లకే సవానా నది యొడ్డునకు తరలిపోయిరి.

ఆ పాదరులు ఇరువురును జర్మనీలోని హాలె నగరపు అనాథశరణాలయ పాఠశాలలో బోధించినవారు. ధనము, ఔషధములు, గ్రంథములు వారికి అచటినుండియే అందుచుండెను. హాలె మనకును పరాయిది కాదు: మదరాసులో తెలుగు నేర్చిన బెంజమిను షుల్జ్ పాదరి మతగ్రంథము 1746లో మన లిపిలో అచ్చయినది అక్కడనే.

బానిసలను రానీయవలదని 1739లో ఎబినేజరువారు విన్నపము వ్రాసికొనిరి. తామే దున్ని, కోసి, పట్టుపురుగులను పెంచి బ్రతుకగలమని చూపిరి. అయినను జార్జియాలో బానిసత్వముపై నుండిన నిషేధము పండ్రెండేండ్లలోపల రద్దు కాగా, వారి పొలములందును బానిసలు కనబడిరి. మతముకొఱకు ఇల్లువాకిలి విడిచినవారు ఈ విషయమున లొంగిపోవుట, వారు పడిన పాట్లన్నిటికంటెను నాకు ఎక్కువ విచారకరముగా తోచును.

బోల్ట్సియసు 1765లో మరణించెను. అతడు చూడనోచుకొనని, జెరూసలేము అను పేరుగల దేవాలయమును ఎబినేజరులో 1767–69 మధ్య కట్టిరి. గోడల మందము ఇరువదియొక్క అంగుళములు. స్థానికమైన బంకమన్నును అచ్చులలో నొత్తి కాల్చిన ఆ ఇటుకలపై, తడి యారకముందు తాకినవారి వ్రేలిముద్రలు నేటికిని స్పష్టముగా నున్నవి. కొన్ని పసివారివి కాబోలునన్నంత చిన్నవి. శిఖరముపై గాలివాటు చూపు హంస ప్రొటెస్టంటు మతకర్తయగు లూథరునకు చిహ్నము.

అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున 1779లో ఆంగ్లసేనలు ఎబినేజరును పట్టుకొని, దేవాలయమును ముందు ఆసుపత్రిగను, పిమ్మట గుఱ్ఱపుశాలగను వాడుకొనినవి. 1782లో కొన్నిదినములపాటు జార్జియా శాసనసభ ఆ యూరనే కూడినది గాని, ఆ గౌరవము పల్లెను నిలుపలేదు. యుద్ధములో చెడిన యిండ్లను మరల కట్టుకొనినవారు కొందఱే. దేవాలయమును మాత్రము బాగుచేసికొనిరి; వారి వంశజులు పలువురు చుట్టుప్రక్కల యూళ్లలో స్థిరపడినను, ఆరాధనకు అక్కడికే వచ్చుచున్నారు.