మేనరికం, చిన్న తల: నింద నుంచి జన్యువు దాకా

బందరు, గుడివాడ, దివిసీమల్లో మేనమామ కూతురినో, అక్క కూతురినో పెళ్లాడటం కొత్త ఆచారం కాదు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడటం దక్షిణాది వారి ప్రత్యేకాచారమని బౌధాయన ధర్మసూత్రం పూర్వమే పేర్కొంది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టా మాగాణి విలువ పెరిగాక, పొలం ఇంట్లోనే ఉండాలన్న లెక్క కూడా దీనికి తోడై ఉంటుంది.

ఇలాంటి ఇంట్లో తల చిన్నదిగా, బుద్ధి ఎదగని బిడ్డ పుడితే నింద తల్లి మీద పడేది. కడుపుతో ఉండి గ్రహణం చూసిందనేవారు, పూర్వజన్మ పాపమనేవారు. తండ్రి ప్రస్తావన అరుదు.

ఈ ఆచారాన్ని శాస్త్రీయంగా లెక్కగట్టే పనికి 1957లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చిన జె.బి.ఎస్. హాల్డేన్ ప్రేరణ అయ్యాడు. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల విస్తృతిని, ఫలితాలను పరిశీలించాడు. ఆ వ్యాసం 1963లో 'జర్నల్ ఆఫ్ జెనెటిక్స్'లో వచ్చింది.

అయితే మెదడు ఎందుకు పెరగదో తెలియడానికి మరో 40 ఏళ్లు పట్టింది. మనలాగే దగ్గరి బంధువులను పెళ్లాడే పాకిస్తానీ కుటుంబాలను పరిశీలిస్తూ ఇంగ్లండులోని లీడ్స్ పరిశోధకులు 2002లో ఏఎస్‌పీఎం అనే జన్యువును గుర్తించారు. తర్వాత బెంగళూరు పరిశోధకులు భారతీయ కుటుంబాల్లోనూ ఇందులోని లోపాలను కనుగొన్నారు. గర్భంలో మెదడు మూలకణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరగాలి. ఆ విభజన సవ్యంగా సాగడానికి ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్ కావాలి. అది లోపిస్తే మూలకణాలు తగినన్ని కాకముందే నాడీకణాలుగా మారిపోతాయి. చివరికి నాడీకణాలు తక్కువై, మెదడు చిన్నదిగా మిగులుతుంది.

ఇది అంతర్గత లక్షణం. లోపమున్న ప్రతి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితేనే వ్యాధి వస్తుంది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం 1/4. బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుల నుంచి వచ్చే అవకాశం బావామరదళ్ల పెళ్లిలో 1/16, మేనమామ-మేనకోడళ్ల పెళ్లిలో 1/8. గమనించండి: మేనరికం లోపాన్ని పుట్టించదు, దాగి ఉన్న రెండు ప్రతులను ఒకచోట చేరుస్తుంది. అధికశాతం మేనరిక సంతానం ఆరోగ్యంగానే పుడుతుంది. తల అతిగా పెరిగే రుగ్మతలన్నిటికీ ఈ సూత్రం వర్తించదు. పీటెన్ జన్యువులో ఒక్క ప్రతి చెడినా చాలు, అది తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలోనే కొత్తగా కూడా రావచ్చు.

నేడు జన్యు సలహాకు వెళ్తే మొదట వంశవృక్షం గీస్తారు. మేనరికపు జంటను రెండు గీతలతో కలుపుతారు. ఇద్దరూ వాహకులైతే తండ్రి చతురస్రాన్నీ, తల్లి వృత్తాన్నీ సరిగ్గా సగం సగం నింపుతారు.