కూతకు వెళ్లిన క్రొత్తవాడు

హైదరాబాదునుండి బెజవాడకు పోవు రాచబాటమీద సూర్యాపేటయు, ఆ బాట తెలంగాణము దాటుటకు కొంచెము ముందుగా కోదాడయు, బాటకు దక్షిణముగా, కృష్ణా మూసీ సంగమమైన వాడపల్లి దిక్కున మిర్యాలగూడయు ఉన్నవి. పూర్వపు నల్లగొండ జిల్లాకు చెందిన ఈ మూడు పట్టణముల చరిత్ర వ్రాయబూనినవారు సాయుధ పోరాటమును గూర్చియు, నాగార్జునసాగరు ఎడమకాలువను గూర్చియు, బియ్యపు మిల్లులను గూర్చియు వ్రాసిరి, అది న్యాయమే. కాని అదే నేలమీద, పంట ఇంటికి చేరిన పిమ్మట, పిల్లలును పడుచువాండ్రును గీత గీచి ఆడిన చెడుగుడును గూర్చి వ్రాయవలెనని ఎవరికిని తోచినట్లు లేదు. నేనును ఆ యాట చరిత్రమంతయు చెప్పబోను. జట్టులోనికి అప్పుడే అడుగుపెట్టిన క్రొత్తవానినుండి పెద్దవారేమి ఆశించిరి, ఆ యాశ కాలక్రమమున ఎట్లు మారెను అనునంతవరకే నా ప్రయత్నము.

సాగరు నీరు రాకపూర్వము ఈ ప్రాంతమున చెరువుల క్రింద కొంత వరియు, తక్కిన నేలపై జొన్న, కంది, ఆముదము వంటి మెట్టపంటలును ఉండుటచేత, సంక్రాంతి నాటికి చేలు ఖాళీపడి, వేసవి అంతయు నేల బీడుగానే ఉండెడిది. ఆ నేలయే ఆటస్థలము. కాలి బొటనవ్రేలితో గీచినదే నడిమి గీత. జట్లు పంచుకొనుటకు పిల్లలు ఉద్దులుగా, అనగా బలమున ఈడున సరితూగు ఇద్దరిద్దరుగా ఏర్పడి వచ్చుచుండిరి. ఒక్కొక్క ఉద్దిలోనుండి ఒకడు ఇటు, ఒకడు అటు పోవును. ఎవనితోను సరితూగని పసివాడు మిగిలిపోయినచో వానిని తరిమివేయక, ఆటలో అరటిపండని పేరుపెట్టి, ఏదో యొక వైపున నిలువనిచ్చుచుండిరి. వానిని ముట్టినను ఔటు కాదు, వాడు ముట్టినను లెక్క లేదు. కాని వాడు ఆ గీత లోపలనే నిలిచి, కూతకు వచ్చినవాని కన్ను ఎటు పోవుచున్నదో, కాలు ఎటు పడుచున్నదో చూచుచు, ఎవరును చెప్పకయే నేర్చుకొనుచుండెను. ప్రపంచమున ఏ క్రీడాశాస్త్రజ్ఞుడును ఇంతకంటె దయగల శిక్షణా విధానమును కనిపెట్టలేదని నా అభిప్రాయము.

అరటిపండు నిజమైన ఆటగాడైన దినమున వానినుండి కోరినది ముఖ్యముగా దమ్ము. గడియారము లేని యాటలో ఊపిరియే కాలమానము. గీత దాటకముందే కూత అందుకొని, ఎదుటివారి నేలమీద తిరిగినంతసేపును అది తెగకుండ, అందరికిని వినబడునట్లుగా పలికి, తెగుటకు ముందే తన గీతను ముట్టవలెను. క్రొత్తవాడు ఎవనినైన ముట్టి రావలెనని ఎవరును పట్టుపట్టెడివారు కారు. కూత తెగకుండ తిరిగివచ్చిన చాలునని ఎంచెడివారు.

ఇచ్చట ఆటలోని ఒక సూక్ష్మమును విన్నవించవలసి యున్నది. ఈ క్రీడకు మన దేశమున సంజీవని, గామిని, అమర్ అని మూడు పద్ధతులు ప్రచారములో నుండెను. సంజీవనిలో ఎదుటి పక్షమువాడొకడు ఔటైనప్పుడెల్ల మన పక్షమున వెలుపల కూర్చున్నవాడొకడు తిరిగి లోనికి వచ్చును. గామినిలో ఒకసారి వెలుపలికి పోయినవానికి, ఒక పక్షము పూర్తిగా ఖాళీ అగువరకు మరల ప్రవేశము లేదు. అమర్ పద్ధతిలో ఔటైనవాడును ఆడుచునే యుండును. ఎదుటివారికి ఒక పాయింటు చేరునంతే. జట్టుకు అనుభవజ్ఞులు ఎందరున్నను, క్రొత్తవాని బ్రతుకు ఈ నియమముపైననే ఆధారపడి యుండెను. గామిని ఆడు చోట వాని పొరపాటునకు వెల హెచ్చు: వాడు తొందరపడి ఔటైనచో తక్కినవారందరును వానికొరకు చివరిదాక చెమటోడ్చవలెను, కనుక వానిని చివరివరకు కూతకు పంపరు. సంజీవనిలో వానికి పునర్జన్మ కలదు. కనుక పెద్దలు ధైర్యముగా వానిని ముందుకు త్రోయగలరు. నేడు లోకమంతట కబడ్డీ అను పేర ఆడుచున్న యాట సంజీవని పద్ధతినుండి పెరిగినదే. ఈ యొక్క కారణముచేతనే ఇది యౌవనులకు అనువైన క్రీడ యైనదని నేననుకొందును.

ఈ యాటకు వ్రాతనియమములు మహారాష్ట్రమున ఏర్పడెను. 1923లో నియమావళి నొకదానిని సిద్ధపరచి, దాని ననుసరించి బరోడాలో పోటీలు జరిపిరి. 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు బెర్లిను ఒలింపిక్సు వేళ ఈ యాటను విదేశీయుల ఎదుట ప్రదర్శించిరి. 1950లో అఖిలభారత సమాఖ్య ఏర్పడినది. పురుషుల జాతీయ పోటీలు 1952లో మదరాసున, స్త్రీల పోటీలు 1955లో కలకత్తాలో మొదలైనవి. బొటనవ్రేలి గీతకు బదులు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పుగల కోర్టు వచ్చినది. నడిమి గీతకు 3.75 మీటర్ల దూరమున బాక్ లైను, దానికి ఒక మీటరు ఆవల బోనస్ లైను వచ్చినవి. కూతకు వెళ్లినవాడు, ఎవనిని ముట్టనిచో, బాక్ లైను దాటక తిరిగివచ్చుట నేరము. దమ్ముంటే చాలునన్న కాలము ఆ గీతతో ముగిసినది. క్రొత్తవాడును శత్రువు నేలలోనికి కొలతప్రకారము చొచ్చుకొనిపోవలసినదే.

కళాశాలల సంగతి వేరు. నిజాము కాలమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైనను, ఈ మూడు ఊళ్లవాడు కళాశాల మెట్లెక్కవలెనన్న సాధారణముగా హైదరాబాదు పోవలసి యుండెను. అచ్చట క్రికెట్టునకు, హాకీకి, ఫుట్‌బాలునకు ఉన్న గౌరవము పల్లెటూరి చెడుగుడునకు లేదు. కావున పల్లెలో కూతకు పేరుపడిన కుఱ్ఱవాడు పట్టణము చేరి, ఆ విద్యను మూటగట్టి అటకమీద పెట్టుటయే తరచుగా జరిగినది.

ఈ స్థితి మారుటకు కాలువయు, కళాశాలయు కారణములు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపనమైన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిమయమైనవి. రెండు పంటలు పండు నేల బీడుగా ఉండదు గనుక ఆటస్థలము పొలమునుండి బడి ఆవరణమునకు మారినది. అదే సమయమున, పండిన ధాన్యము ఇచ్చిన ధైర్యముతో రైతులు పిల్లలను పై చదువులకు పంపసాగిరి. కోదాడలో కె.ఆర్.ఆర్. ప్రభుత్వ కళాశాల, మిర్యాలగూడలో కె.ఎన్.ఎం. ప్రభుత్వ డిగ్రీ కళాశాల, సూర్యాపేటలో పలు కళాశాలలు ఏర్పడి, మొదట ఉస్మానియాకును, 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట దానికిని అనుబంధములైనవి. కళాశాల జట్టునుండి విశ్వవిద్యాలయపు జట్టునకు, అందుండి దక్షిణ మండలపు అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు పోవు మెట్లదారి ఈ విధముగా ఏర్పడినది. చదువు మూడేండ్లు గనుక, మొదటి సంవత్సరపు విద్యార్థికి ఆ దారిలో నడచుటకు కాలము మూడేండ్లే.

అట్టి విద్యార్థి జట్టులో చేరిన మొదటి వారమున ఏమి జరుగునో కొంచెము దగ్గరగా చూతము. ఎదుటి కూతగాడు వచ్చునప్పుడు ఏడుగురు అర్ధచంద్రాకారమున నిలుతురు. రెండు కొసలయందు కార్నర్లు, వారి ప్రక్కన ఇన్‌లు, ఆపై కవర్లు, నడుమ సెంటరు. చేయి చేయి పట్టి గొలుసుకట్టుగా నిలుచుట ఇందు రివాజు. క్రొత్తవానిని కొసకు పంపరు. చీలమండ పట్టు తెలిసిన అనుభవజ్ఞుని ప్రక్కననే, వాని చేతిలో చేయిపెట్టి నిలుపుదురు. క్రొత్తవాని జాడ్యము తొందర. కూతగాని కాలు అందునంత దూరమున కనబడగానే మీదికి దూకును. కూతగాడు అదియే కోరి కాలు చాచినవాడగుటచేత, వానిని తాకి వెనుదిరిగిపోవును. అందువలన ప్రక్కవాడు వాని మణికట్టును గట్టిగా పట్టి, సమయము కానప్పుడు వెనుకకు లాగుచు, సమయమైనప్పుడు విడిచిపెట్టుచు, మాటలేకయే పాఠము చెప్పును. మైదానము వెలుపలినుండి శిక్షకుడు వేయి కేకలు వేసినను ఆ పట్టు నేర్పినంత నేర్పలేడు. క్రొత్తవాడు పట్టవలెనని గాక, పట్టకుండ ఆగవలెనని మొదట కోరుదురు. కడకు వాడు ఎవరి చేయి పట్టకయే ఆగగలిగిన దినమున వానికి కార్నరు ఇత్తురు.

క్రొత్తవానిని ఎప్పుడు ఆడనీయవలెనను సమస్య ఇతర దేశములందును కలదు. అమెరికాలో 1891లో పుట్టిన బాస్కెట్‌బాలు అచ్చటి కళాశాలల ప్రాణమైనది. అయినను 1972 వరకు మొదటి సంవత్సరపు విద్యార్థిని పెద్ద జట్టున ఆడనిచ్చెడివారు కారు, వారికి వేరుగా చిన్న జట్టుండెను. 1965 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలెస్ శాఖలో ఆ చిన్న జట్టు, అప్పటికి వరుసగా రెండేండ్లు జాతీయ విజేతయైన తన కళాశాల పెద్ద జట్టునే 75–60తో ఓడించినది. ఆ చిన్నజట్టులోని పొడుగరి, తరువాత కరీమ్ అబ్దుల్ జబ్బార్ అను పేర లోకప్రసిద్ధుడైనాడు. అట్లని ప్రతి క్రొత్తవాడును జబ్బారే అని నమ్మి కొలత పెట్టినచో ఏ కళాశాలయు బాగుపడదు.

మన కబడ్డీలో కొలతలు మరియొక రూపమున వచ్చినవి. జాతీయ జూనియర్ పోటీలకు 20 ఏండ్లలోపు వయస్సు, బాలురకు చిరకాలము 70 కిలోలలోపు బరువు నియమమై యుండినది. పొలము పనిచేసి కండలు తిరిగిన పల్లెటూరి యువకుడు, ఎంపిక దినమున ముద్ద తినక, నీరు త్రాగక, ఎండలో పరుగెత్తి, త్రాసు ముల్లు దిగుటకు ఎదురుచూచుట ఈ నియమమున పుట్టిన క్రొత్త తపస్సు. పూర్వము దమ్మునకు పరీక్ష. ఇప్పుడు ఆకలికి పరీక్ష. వైద్యులు దీనిని మెచ్చరు, నేనును మెచ్చను.

జూనియర్ల ఆట సూర్యాపేట గుమ్మములోనికే వచ్చిన సంవత్సరము 2021. ఆ యేడు మార్చిలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు ఆ పట్టణము వేదికయైనది. దేశపు నలుమూలలనుండి ఇరువది యేండ్లు నిండని ఆటగాండ్రు వచ్చిరి. మార్చి 22వ తేదీ సాయంకాలము ప్రారంభోత్సవము చూడ జనము విరగబడి వచ్చినది. ఆ ప్రేక్షకులకై కట్టిన తాత్కాలికపు గ్యాలరీ ఆ జనభారమున కుప్పకూలి నూరుమందికి పైగా గాయపడిరి. పట్టణపు అభిమానము ఎంతటిదో ఆ సాయంకాలమే రుజువైనది. ఆ యభిమానమును కూర్చుండబెట్టుటకు స్థిరమైన ఏర్పాటు లేదనియు ఆ సాయంకాలమే రుజువైనది. క్రొత్త ఆటగానినుండి నూటికి నూరుపాళ్లు కోరు పెద్దలు, వాడు ఆడు చోటునుండి కోరినది ఎంతయని అడుగక తప్పదు.

2014లో ప్రారంభమైన ప్రొ కబడ్డీ లీగుతో ఆశలకు రూపాయలలో వెల కట్టబడినది. తెలుగు టైటన్స్ అను పేర మన జట్టొకటి వెలసి, హైదరాబాదున, విశాఖపట్టణమున ఆడినది. మహారాష్ట్రుడైన సిద్ధార్థ దేశాయి 2018లో ముంబయి జట్టున క్రొత్తవాడుగా ప్రవేశించి, తొలి యేటనే 200 పైచిలుకు పాయింట్లు సంపాదించెను. మరుసటి యేడు టైటన్స్ వానిని 1.45 కోట్లకు కొనిరి. వాడు మరల 200 దాటెను. జట్టు మాత్రము 12 జట్లలో 11వది యైనది. 2023లో పవన్ సెహ్రావత్ అను కూతగానిని 2.605 కోట్లకు తెచ్చిరి. ఆ యేడు జట్టు చివరి స్థానమున నిలిచినది. ఈ ఇద్దరు వీరులయందును లోపము లేదు. ఏడుగురు చేయి చేయి పట్టి నిలువవలసిన యాటను ఒక్కని భుజముపై మోపుటయే లోపము. మణికట్టు పట్టి నేర్పు ప్రక్కవానికి వేలములో ధర పలుకుట అరుదు. ఒక్కొక్క కూతకు 30 సెకన్ల గడువు, మూడవ కూతకు పాయింటు తేనిచో ఔటను డూ ఆర్ డై నియమము, వీనితో ఆట చూచుటకు రసవత్తరమైనది, కాదనను. క్రొత్తవానికి ఊపిరి పీల్చుకొను వ్యవధి మాత్రము తగ్గినది.

ఈ మూడు పట్టణముల కళాశాలల వ్యాయామోపాధ్యాయులకు నాదొక విన్నపము. జట్టున పన్నిద్దరుందురు, ఏడుగురు ఆడుదురు, ఐదుగురు వెలుపల కూర్చుందురు. ఆ ఐదుగురిలో మొదటి సంవత్సరపు విద్యార్థి ఏడాది పొడుగునను కూర్చుండుట మన కళాశాలలలో పరిపాటి. మీరు పది పాయింట్ల ఆధిక్యముతో ఉన్నప్పుడు, రెండవ అర్ధభాగమున, వానిని లోనికి దింపి, మీ యందరిలో నిదానియైన కార్నరు ప్రక్కన నిలిపి, ఐదు నిమిషములు ఆడనిండు. వాడు ఔటైనచో సంజీవని నియమము వానిని తిరిగి తెచ్చును. మీరు కోపగింపకుండిన చాలును.